కారు వెనక మోడల్ బ్యాడ్జీలు తీసేయాలా, ఉంచాలా? బెజవాడ, గుంటూరు వాళ్లు చెప్పండి

పటమట ఎర్ర స్విఫ్ట్
మే 4, రాత్రి 9.12

అందరికీ నమస్కారం. మాది 2015 స్విఫ్ట్ డీజిల్, ఎరుపు రంగు, ఏపీ 16 నంబరు. నాన్నగారు కొన్న బండి. ఆయనకు మోకాళ్ల నొప్పులు మొదలయ్యాక రెండేళ్ల నుంచి నేనే నడుపుతున్నాను.

నిన్న కారు కడుగుతూ డిక్కీ మూత మీద ఎన్ని రాతలున్నాయో చూశాను. మధ్యలో కంపెనీ గుర్తు. స్విఫ్ట్ అని పేరు ఒకటి, అందులో ఏ రకమో (వేరియంట్) చెప్పే వీడీఐ అని ఒకటి. ఇవి కాక కొన్నరోజు షోరూం వాళ్లు అంటించిన పెద్ద స్టిక్కరు, దాని మీద వాళ్ల పేరు, ఫోన్ నంబరు. అక్షరాల సందుల్లో పదేళ్ల మట్టి, ఏటా దసరాకి పెట్టిన కుంకుమ పేరుకుపోయి ఉన్నాయి. టూత్ బ్రష్ పెట్టి రుద్దినా రాలేదు. కంపెనీ గుర్తు ఒక్కటి ఉంచి మిగతావన్నీ తీసేస్తే వెనక భాగం నున్నగా, శుభ్రంగా ఉంటుందనిపిస్తోంది.

కానీ భయంగా ఉంది. పెయింట్ లేచొస్తుందా? బెజవాడ ఎండలో పదేళ్లు తిరిగిన ఎర్ర బండి కదా, అక్షరాలు తీశాక వాటి నీడ అలాగే ఉండిపోతుందా? రవాణా శాఖ వాళ్లు, పోలీసులు ఏమైనా అంటారా? నాన్నగారైతే "పేరు లేని బండేంట్రా, ఎవరిదో బండిలా ఉంటుంది" అంటున్నారు. చేయించినవాళ్లు మంచీ చెడూ రెండూ చెప్పండి.

భవానీపురం ఐ20
మే 4, రాత్రి 9.40

మూడేళ్ల క్రితం తీసేశాను. నాది తెల్ల బండి. మచ్చ లేదు, గీత లేదు. ఒక్కసారి గుడ్డ పెట్టి తుడిస్తే వెనకంతా శుభ్రం. ఇప్పటికీ చూసుకున్నప్పుడల్లా సంతోషంగా ఉంటుంది. ధైర్యంగా తీసేయండి బ్రో.

రబ్బింగ్ కాంపౌండ్
మే 4, రాత్రి 10.55

నేను ఆటోనగర్‌లో పద్దెనిమిదేళ్ల నుంచి పెయింటింగ్ పని చేస్తున్నాను. డిక్కీకి పెయింట్ వేయాల్సి వస్తే ముందు బ్యాడ్జీలు తీస్తాం, ఆరాక మళ్లీ అంటిస్తాం. మాకు ఇది రోజూ ఉండే పనే. తీస్తే బండి పాడైపోతుందని కంగారు పడకండి. తొందరపడితే మాత్రం పాడవుతుంది.

ఇప్పటి కార్లలో ఈ అక్షరాలు ప్లాస్టిక్‌వి, పైన క్రోమ్ పూత. వెనక నురగలాంటి డబుల్ సైడ్ టేపు ఉంటుంది. వేడి తగిలితే ఆ టేపు మెత్తబడుతుంది. ఇంట్లో జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్ చాలు. కొంచెం దూరంగా పట్టుకుని, ఒకచోట ఆపకుండా, రెండు మూడు నిమిషాలు అటూ ఇటూ తిప్పండి. మేం షెడ్డులో వాడే హీట్ గన్ జోలికి మాత్రం వెళ్లొద్దు. ఒక్కచోట ఆగిందంటే క్లియర్ కోట్, అంటే రంగు పైన ఉండే అద్దంలాంటి పూత, పొంగుతుంది. బంపరు దగ్గరైతే బంపరే వంగిపోతుంది.

వేడెక్కాక అక్షరం వెనక గాలం తాడు దూర్చి, రెండు చేతులతో రంపం లాగినట్టు మెల్లగా లాగాలి. తాడు టేపును మధ్యకి కోసుకుంటూ వెళ్తుంది. చుట్టూ మాస్కింగ్ టేపు వేసుకుంటే చెయ్యి జారినా గీత పడదు. స్క్రూడ్రైవరు, బ్లేడు, చాకు దగ్గరికి రానివ్వొద్దు. నా దగ్గరికి వచ్చే కేసుల్లో ఎక్కువ భాగం స్క్రూడ్రైవరుతో పీకినవే. అసలు పని మొదలుపెట్టే ముందే బండి బాగా కడగాలి. దుమ్ము మీద తాడు లాగితే ఇసక కాగితం లాగినట్టే.

తర్వాత టేపు ముక్కలు మిగులుతాయి. మళ్లీ కొంచెం వేడి చేసి బొటనవేలితో తోస్తే ఉండలు కట్టి వచ్చేస్తాయి. మిగిలిన బంకకి నీలగిరి తైలం గుడ్డకి వేసి ఐదు నిమిషాలు నాననిచ్చి తుడవండి. థిన్నర్ వద్దు. బయట వేయించిన పెయింట్ అయితే రంగు రంగంతా గుడ్డకి వచ్చేస్తుంది.

ఒక్క మాట మీ నాన్నగారిని అడగండి. ఈ పదేళ్లలో వెనక ఎవరైనా గుద్దితే డిక్కీకి పెయింట్ వేయించారా? కంపెనీ పెయింట్ అయితే టేపుతో లేవదు. బయట వేసినది సరిగ్గా పట్టకపోతే అక్షరంతో పాటు పొర లేచొచ్చే ప్రమాదం ఉంది. అదొక్కటే నిజంగా భయపడాల్సిన విషయం.

పటమట ఎర్ర స్విఫ్ట్
మే 5, ఉదయం 7.30

రబ్బింగ్ కాంపౌండ్ అన్నా, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. చాలా థ్యాంక్స్. నాన్నగారిని అడిగాను. డిక్కీకి ఎప్పుడూ పెయింట్ పడలేదట. ముందు బంపరుకి మాత్రం ఒకసారి వేయించారట. మరి ఎరుపు సంగతి? నీడ?

రబ్బింగ్ కాంపౌండ్
మే 5, మధ్యాహ్నం 2.05

నీడ ఉంటుంది తమ్ముడూ, అబద్ధం చెప్పను. అన్ని రంగుల్లోకీ ఎరుపే ఎండకి ఎక్కువ వెలిసిపోతుంది. అక్షరం కింద ఎండ తగల్లేదు కాబట్టి అక్కడ రంగు కొన్నరోజు ఎలా ఉందో అలాగే ఉంటుంది. చుట్టూ ఉన్నది పాలిపోయింది. చాలామంది నీడ కనబడిన చోటే రుద్దుతారు. అక్కడ రంగు బాగానే ఉందిగా. చుట్టుపక్కల పాలిపోయిన రంగుని రుద్ది దాని స్థాయికి తేవాలి. అంటే డిక్కీ మూత మొత్తానికి కాంపౌండ్ (రంగుని రుద్ది మెరుగుపెట్టే ముద్ద) పట్టించాలి. అలాగని గంటలకొద్దీ రుద్దొద్దు. క్లియర్ కోట్ మందం మన తలవెంట్రుక మందం కూడా ఉండదు. అది ఒకసారి అరిగిపోయిందంటే పెయింట్ వేయడమే దారి.

పైగా ఇది మే నెల. మధ్యాహ్నం డిక్కీ మీద చెయ్యి పెట్టలేం. కొందరు "ఎండలో పెడితే డ్రయ్యర్ అక్కర్లేదు" అంటారు. టేపు మెత్తబడే మాట నిజమే గానీ, ఆ వేడిలో కాంపౌండ్ వేసీ వేయగానే ఎండిపోయి తెల్లగా పట్టేస్తుంది. తెల్లవారుజామున, నీడపట్టున చేసుకోండి.

కొత్తపేట అంబాసిడర్
మే 5, సాయంత్రం 6.20

టేపు సంగతి కొత్త బండ్లకే. మా ఇంట్లో 1989 అంబాసిడర్ ఉంది, ఇప్పటికీ నడుస్తోంది. దాని అక్షరాలు లోహంవి. వెనక మేకుల్లాంటి కాళ్లు ఉంటాయి, అవి రేకులో చేసిన రంధ్రాల్లోంచి లోపలికి దిగుతాయి. అవి తీసేస్తే రంధ్రాలు మిగులుతాయి. వాటిలోకి వానాకాలం నీళ్లు దిగాయంటే రెండేళ్లలో తుప్పు. అలాంటి బండి అయితే రంధ్రాలు పూడ్పించి పెయింట్ వేయించే ఉద్దేశం ఉంటేనే ముట్టుకోండి. టేపుతో అంటించిన వాటిలోనూ కొన్నిటికి చోటు తప్పకుండా చిన్న పిన్నులు ఇస్తారు. డిక్కీ మూత లోపలి అట్ట తీసి ఒకసారి చూసుకుంటే తెలిసిపోతుంది.

నేను మాత్రం మా అంబాసిడర్ పేరు తీయను. 2014లో తయారీ ఆగిపోయింది. ఆ అక్షరాలు ఇక దొరకవు.

మిర్చి యార్డు
మే 5, రాత్రి 8.48

అందరూ ఎలా తీయాలో చెబుతున్నారు. ఎందుకు తీయాలో నాకు అర్థం కావడం లేదు. ఏమీ అనుకోవద్దు, ఉన్న మాట చెబుతున్నాను.

మా నాన్నగారు గుంటూరు మిర్చి యార్డులో గుమస్తా. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఒక్క కారు కొన్నారు, 2009లో. పైన ఒకటి, కింద ఒకటి వేరియంట్లు ఉంటే మధ్యది తీసుకున్నారు. బేసిక్ మోడల్‌లో వెనక అద్దాలకి పవర్ విండోలు ఉండవు, అమ్మకి గాలి ఆడదని. ఆ తేడా కోసం ఆరు నెలలు ఆగి, ఇంకో యాభై వేలు కూడబెట్టి మరీ తీసుకున్నారు. మాకు వెనకున్న ఆ మూడు అక్షరాలు అంటే ఆ ఆరు నెలలు. దసరాకి బొట్టు పెట్టేటప్పుడు ముందు బానెట్‌కి పెట్టి, తర్వాత వెనక ఆ అక్షరాల పక్కన ఒకటి పెట్టేవారు. ఆయన పోయి నాలుగేళ్లయింది. ఆ కుంకుమ మరక నేను కడగను.

పెళ్లిళ్లలో బండి వెనక చూసి బేసిక్ మోడలా, టాప్ మోడలా అని అంచనా వేసేవాళ్లు ఉంటారు, నాకూ తెలుసు. వాళ్లకి భయపడి అక్షరాలు దాచుకుంటే వాళ్ల లెక్కే సరైనదని మనం ఒప్పుకున్నట్టు. పటమట గారూ, మీ నాన్నగారు అన్నమాట ఇంకోసారి ఆలోచించండి.

పటమట ఎర్ర స్విఫ్ట్
మే 5, రాత్రి 10.15

మిర్చి యార్డు గారూ, మీ పోస్టు నాన్నగారికి చదివి వినిపించాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నాకు దాచుకోవాలన్న ఆలోచన లేదండి. వీడీఐ కింది మోడలూ కాదు, పై మోడలూ కాదు. నాకు శుభ్రంగా ఉండడం ఇష్టం, అంతే. కానీ బండి నాది కాదు, ఆయనది. అది మీరు గుర్తు చేశారు. ఆయన సరే అంటేనే చేస్తాను.

తాడేపల్లి టు గుంటూరు
మే 6, ఉదయం 6.50

నేను రోజూ తాడేపల్లి నుంచి గుంటూరు ఉద్యోగానికి వెళ్లొస్తాను. ఈ చర్చలో ఇంతవరకు రాని ఒక విషయం చెప్పాలి. తీయడం గురించి మాట్లాడుతున్నారు. లేనిది అంటించడం గురించి ఎవరూ అనలేదు.

రెండేళ్ల క్రితం సెకండ్ హ్యాండ్‌లో 2016 స్విఫ్ట్ పెట్రోల్ కొన్నాను. వెనక జెడ్ఎక్స్ఐ అని మెరుస్తోంది. అమ్మిన వ్యక్తి "టాప్ మోడల్ మేడమ్, ఎయిర్‌బ్యాగులున్న బండి" అన్నాడు. నాకు కార్ల గురించి పెద్దగా తెలియదు. ఇద్దరు పిల్లల్ని ఎక్కించుకుని తిరిగే బండి కాబట్టి ఎయిర్‌బ్యాగులు ఉండాలని మాత్రం అనుకున్నాను. మామూలు ధర కన్నా నలభై వేలు ఎక్కువ ఇచ్చాను.

ఏడాది తర్వాత ఒక సాయంత్రం మంగళగిరి దగ్గర ముందు లారీ హఠాత్తుగా బ్రేకు వేసింది. నేను వెంట్రుకవాసిలో ఆపగలిగాను. చేతులు వణుకుతూ పక్కన ఆపి, స్టీరింగు వంక చూస్తూ కూర్చున్నాను. అప్పుడు గమనించాను, దాని మీద ఎయిర్‌బ్యాగ్ అన్న అక్షరాలే లేవు. మర్నాడు సర్వీసుకి తీసుకెళితే మెకానిక్ ఆర్‌సీ చూసి, "అమ్మా, ఇది వీఎక్స్ఐ. దీనికి ఎయిర్‌బ్యాగులు లేవు. వెనక అక్షరాలు తర్వాత అంటించినవి" అన్నాడు. ఏడాది పాటు పిల్లల్ని ముందు సీట్లో కూడా కూర్చోబెట్టాను, ఎయిర్‌బ్యాగు ఉంది కదా అన్న ధీమాతో. అది తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు. పిల్లలు వెనక సీట్లోనే కూర్చోవాలన్నది కూడా ఆ తర్వాతే నేర్చుకున్నాను.

డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ అన్ని కొత్త కార్లకీ తప్పనిసరి అయింది 2019 జూలై నుంచి. అంతకుముందు బండ్లలో ఏ వేరియంట్ అన్నదాన్ని బట్టే ఉండడం, లేకపోవడం. కాబట్టి పాత బండి వెనక ఆ రెండు మూడు అక్షరాలు ఉత్త అలంకారం కాదు. వాటిని నమ్మి జనం ప్రాణాలు పెట్టుకుంటారు. బజారులో ఏ వేరియంట్ అక్షరాలైనా కొన్ని వందలకి దొరుకుతాయి. తీసేసేవాళ్లని నేను ఏమీ అనను. అంటించేవాళ్లని క్షమించలేను.

భవానీపురం ఐ20
మే 6, ఉదయం 8.10

అక్కా, చదువుతుంటే గుండె ఆగినంత పనైంది. కొనేముందు ఎలా చూసుకోవాలో మాలాంటి వాళ్లకి చెప్పండి.

తాడేపల్లి టు గుంటూరు
మే 6, రాత్రి 9.05

నేను ఆలస్యంగా నేర్చుకున్నది చెబుతాను తమ్ముడూ. బండి వెనక వైపు చూడనే చూడొద్దు. మొదట ఆర్‌సీ తీసుకుని మోడల్ ఉన్న వరస చదవాలి. మామూలుగా వేరియంట్ కూడా అక్కడే ఉంటుంది. నంబరు కొట్టి ప్రభుత్వం వారి ఎంపరివాహన్ యాప్‌లో కూడా సరిచూసుకోవచ్చు. తర్వాత లోపల కూర్చుని తాళం తిప్పాలి. ఎయిర్‌బ్యాగులున్న బండి అయితే మీటర్లో దాని బొమ్మ ఎర్రగా వెలిగి కొన్ని సెకన్లలో ఆరిపోతుంది. అసలు వెలగకపోయినా అనుమానమే, వెలిగి ఆరకపోయినా అనుమానమే. స్టీరింగు మధ్యలో, ఎడమవైపు డ్యాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగ్ అని చెక్కిన అక్షరాలు ఉండాలి. ఇవన్నీ చూడడానికి ఐదు నిమిషాలు పట్టదు. ఆ ఐదు నిమిషాలు నేను చూసుకోలేదు.

బ్రాడీపేట 4/14
మే 7, ఉదయం 10.30

వృత్తిరీత్యా న్యాయవాదిని. చట్టం సంగతి అడిగారు కాబట్టి చెబుతాను.

మోటారు వాహనాల చట్టం, 1988లో 52వ సెక్షన్ ప్రధానం. ఆర్‌సీలో రాసి ఉన్న వివరాలు, తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు అన్నది దాని సారాంశం. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. ఆర్‌సీలో ఉండేవి తయారీదారు, మోడల్, ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు, రంగు, ఇంధనం, సీట్లు, బరువు వంటివి. డిక్కీ మీద అంటించిన అక్షరాలు అందులో లేవు. అక్షరాలు ఊడినంత మాత్రాన వీడీఐ బండి వీడీఐ కాకుండా పోదు, ఆర్‌సీ మారదు. కాబట్టి ఈ విషయంలో టెన్షన్ పడాల్సిన పని లేదు. అదే బండి రంగు మారిస్తే సంగతి వేరు, రంగు ఆర్‌సీలో ఉంది కాబట్టి చెప్పి నమోదు చేయించుకోవాల్సిందే. అనుమతి లేకుండా ఇతర భాగాలు అమర్చి మార్పులు చేస్తే ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ ఉండొచ్చు. ఇంజిన్ గదిలోనో, డోరు స్తంభం మీదో ఉండే కంపెనీ ప్లేటు, ఛాసిస్ నంబరు ఉన్న చోటు ఏ పరిస్థితుల్లోనూ ముట్టుకోవద్దు. నంబరు ప్లేటు కూడా అంతే.

తాడేపల్లి మేడమ్ గారికి జరిగినది వేరే కోవకు చెందుతుంది. కింది వేరియంట్‌ను పై వేరియంట్ అని నమ్మించి ఎక్కువ ధర తీసుకోవడం మోసం. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో మోసానికి 318వ సెక్షన్. కొన్నది ఆ తేదీకి ముందైతే పాత భారతీయ శిక్షాస్మృతి (ఐపీసీ) 420వ సెక్షన్ వర్తిస్తుంది. మేడమ్ గారూ, అమ్మకపు కాగితం మీద వేరియంట్ పేరు రాసి ఉందా? వాట్సాప్‌లో పంపిన ప్రకటన ఏదైనా ఉందా? ఉంటే దాచిపెట్టండి, ఎవరైనా న్యాయవాదికి చూపించండి.

తాడేపల్లి టు గుంటూరు
మే 7, మధ్యాహ్నం 1.15

ప్రకటన ఫోటో ఉందండి, అందులో జెడ్ఎక్స్ఐ అనే రాశాడు. ధన్యవాదాలు సార్. ఇన్నాళ్లూ నా తప్పే అనుకుని ఊరుకున్నాను.

కంకిపాడు డీజిల్
మే 7, సాయంత్రం 7.40

పటమట గారికి ఒక హెచ్చరిక. మీది డీజిల్. వీడీఐలో డీ అక్షరం పోతే బండి డీజిల్ అని చెప్పే గుర్తు బయట ఏదీ మిగలదు.

నాది వెర్నా సీఆర్‌డీఐ, అంటే అదీ డీజిలే. ఆ అక్షరాలు ముచ్చటపడి తీయించాను. నెల తిరక్కుండానే హైవే మీద ఒక బంకులో కుర్రాడు పెట్రోల్ కొట్టేశాడు. నేను ఫోన్ మాట్లాడుతూ "రెండు వేలకి కొట్టు బాబూ" అన్నాను గానీ డీజిల్ అన్న మాట అనలేదు. పెట్రోల్ గన్ను డీజిల్ బండి మూతిలోకి హాయిగా దిగిపోతుంది, ఆపేది ఏదీ లేదు. మిషను మీద ధర చూసి నేను కేక వేసేసరికి ఎనిమిది లీటర్లు పడ్డాయి.

దేవుడి దయ, తాళం తిప్పలేదు. ఇది అందరూ గుర్తుపెట్టుకోండి. పొరపాటున పెట్రోల్ పడితే ఇంజిన్ స్టార్ట్ చేయకూడదు, తాళం ఆన్ కూడా చేయకూడదు. డీజిల్ బండిలో ఇంధనం పంపుకి డీజిలే జిడ్డు. పెట్రోల్ ఆ జిడ్డుని కడిగేస్తుంది, లోపల లోహం లోహం రాసుకుంటుంది, ఆ పొడి ఇంజెక్టర్ల దాకా వెళ్తుంది. నేను బండిని పక్కకి తోయించి, టో చేయించి, ట్యాంకు మొత్తం ఖాళీ చేయించాను. స్టార్ట్ చేసి ఉంటే లక్ష దాటేదని మెకానిక్ చెప్పాడు.

మీ విషయంలో ఇంకో చిక్కు ఉంది. మారుతి వాళ్లు 2020 ఏప్రిల్‌లో డీజిల్ కార్లు ఆపేశారు. ఇప్పుడు బంకుల్లో పనిచేసే కుర్రాళ్లు స్విఫ్ట్ అనగానే పెట్రోల్ అనే అనుకుంటారు. 2019 ఏప్రిల్ తర్వాత వచ్చిన బండ్లకి ముందు అద్దం మీద రంగు స్టిక్కరు ఉంటుంది, పెట్రోల్‌కి లేత నీలం, డీజిల్‌కి నారింజ. మీది 2015 బండి, అది కూడా ఉండదు. అక్షరాలు తీసే ముందు ట్యాంకు మూత మీద లోపలా బయటా పెద్ద అక్షరాలతో డీజిల్ అని అంటించండి. తెలుగులోనే రాయించండి.

విద్యానగర్ గుంటూరు
మే 8, ఉదయం 5.55

ఉద్యోగరీత్యా జర్మనీలో ఆరేళ్లు ఉండి వచ్చాను. అక్కడ ఇది చాలా మామూలు విషయం. బెంజ్, బీఎండబ్ల్యూ లాంటివి ఆర్డరు చేసేటప్పుడే వెనక మోడల్ పేరు వద్దు అని ఎంచుకునే వీలుంది. ఫ్యాక్టరీ నుంచే ఖాళీగా వస్తుంది. నా పక్కింటాయనది పెద్ద ఇంజిన్ ఉన్న బండి, వెనక ఒక్క అంకె కూడా ఉండేది కాదు. అడిగితే, నడిపేది నేను, నాకు తెలిస్తే చాలు అన్నాడు. ఆ మాట నాకు బాగా నచ్చింది.

పైగా ఆ అంకెలు ఇప్పుడు నిజం కూడా చెప్పడం లేదు. ఒకప్పుడు బీఎండబ్ల్యూ మీద 320 అంటే 3 సిరీస్, రెండు లీటర్ల ఇంజిన్ అని అర్థం చేసుకునేవాళ్లం. ఇప్పుడు 330ఐలో ఉన్నదీ రెండు లీటర్ల ఇంజినే, టర్బోతో బలం పెంచారు. ఆడి వాళ్లు 2017లో ఇంజిన్ సైజును వదిలేసి, పవర్‌ని బట్టి 30, 35, 40 అని అంకెలు పెట్టడం మొదలుపెట్టారు. రోడ్డు మీద చూసేవాళ్లకి ఏం అర్థమవుతుంది? చెప్పదలుచుకున్నది చెప్పలేని అక్షరాలు ఉంటే ఎంత, పోతే ఎంత అనేది నా అభిప్రాయం. మిర్చి యార్డు గారి ఇంట్లో ఉన్న మూడు అక్షరాలు వేరు. అవి చెప్పేది వాళ్లకి తెలుసు.

సత్యనారాయణపురం పోలో
మే 8, ఉదయం 9.20

కంపెనీ లోగోలు కూడా పీకేద్దామనుకునే వాళ్లకి ఒక మాట. పోలోలో వెనక లోగోనే డిక్కీ తెరిచే హ్యాండిల్. కొన్ని ఖరీదైన కార్లలో, ముఖ్యంగా బెంజ్‌లో, ముందు లోగో వెనకే రాడార్ ఉంటుంది. అక్కడ లోగో తీసినా, నల్ల రంగు కొట్టినా ముందు బండి దూరం కొలిచే వ్యవస్థ దెబ్బతింటుంది. లోగోల జోలికి వెళ్లకపోవడమే మంచిది.

మిర్చి యార్డు
మే 8, రాత్రి 9.30

అన్నీ చదివాను. విద్యానగర్ గారూ, మీ మాటకి ధన్యవాదాలు. నా అభిప్రాయం మారలేదు గానీ, శుభ్రం కోసం తీసేవాళ్లని భయపడి తీసేవాళ్లతో కలిపి మాట్లాడడం నాది పొరపాటు. పటమట గారూ, మన్నించండి. ఒకవేళ తీస్తే ఆ అక్షరాలు పారేయకండి.

పటమట ఎర్ర స్విఫ్ట్
మే 18, మధ్యాహ్నం 12.10

పని అయింది. ఏమేం జరిగిందో చెబుతాను, తర్వాత చేసేవాళ్లకి ఉపయోగపడుతుంది.

నాన్నగారు మూడు రోజులు ఆలోచించి, "షోరూం వాడి పేరు ముందు తియ్యి, వాడికి మనం పదేళ్లు ఊరికే ప్రచారం చేశాం. వీడీఐ కూడా తియ్యి. స్విఫ్ట్ అన్న పేరు మాత్రం ఉంచు" అన్నారు. నాకు అదే బాగుందనిపించింది. ఆదివారం తెల్లవారుజామున ఐదున్నరకి అపార్ట్‌మెంట్ సెల్లారులో మొదలుపెట్టాం. ఆయన కుర్చీ వేసుకుని డ్రయ్యర్ పట్టుకున్నారు, నేను గాలం తాడు లాగాను. వీడీఐ పది నిమిషాల్లో వచ్చేసింది. కింద పిన్నులు, రంధ్రాలు ఏమీ లేవు.

స్టిక్కరు మాత్రం చుక్కలు చూపించింది. పదేళ్ల ఎండకి పెళుసెక్కి గోరంత గోరంత ముక్కలుగా వచ్చింది. దానికే గంటన్నర పట్టింది. బంకకి నీలగిరి తైలం బాగా పనిచేసింది.

నీడ ఉంది. అన్న చెప్పినట్టే వీడీఐ అక్షరాలు ముదురు ఎరుపులో చదవగలిగేలా కనిపించాయి. డిక్కీ మొత్తానికి కాంపౌండ్ పట్టించి, పాలిష్ చేశాను. ఇప్పుడు పక్కనుంచి వెలుతురు పడితే లీలగా తెలుస్తుంది, ఎదురుగా నిలబడి చూస్తే కనబడదు. ఇంకోసారి రుద్దొచ్చు గానీ క్లియర్ కోట్ గురించి అన్న చెప్పింది గుర్తొచ్చి ఆపేశాను.

కంకిపాడు గారూ, ట్యాంకు మూత మీద తెలుగులో డీజిల్ అని రాయించాను. మొన్న బంకులో కుర్రాడు అది చూసి, "డీజిలా సార్, పెట్రోల్ అనుకున్నా" అన్నాడు. మీరు చెప్పకపోతే ఏమయ్యేదో.

మిర్చి యార్డు గారూ, అక్షరాలు పారేయలేదు. నాన్నగారు వాటి వెనక టేపు కూడా గోకి శుభ్రం చేసి, బండి కొన్న రసీదు ఉన్న ఫైల్లో పెట్టారు.

తాడేపల్లి టు గుంటూరు
మే 18, సాయంత్రం 6.45

రబ్బింగ్ కాంపౌండ్ గారూ, మీ షెడ్డు ఆటోనగర్‌లో ఎక్కడండీ? నా బండి వెనక ఆ జెడ్ఎక్స్ఐ ఇంకా అలాగే ఉంది. కేసు కోసం అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీసి లాయరు గారికి ఇచ్చాను, ఇక తీసేయొచ్చన్నారు. రేపు ఈ బండి నేను అమ్మినా, ఇంకొకరు ఆ అక్షరాలు చూసి కొనకూడదు. నాకు ఇంట్లో చేసుకునే ధైర్యం లేదు.

రబ్బింగ్ కాంపౌండ్
మే 18, రాత్రి 10.20

చోటు మెసేజ్‌లో పంపాను అమ్మా. ఆదివారం షెడ్డు ఉండదు, సోమవారం ఎనిమిదిన్నర లోపు రండి, ఎండ ఎక్కకముందే అయిపోతుంది. డబ్బులేమీ వద్దు. వచ్చేటప్పుడు ఆర్‌సీ తీసుకురండి. మీ వీఎక్స్ఐ అక్షరాలు నా దగ్గరుంటే అవే అంటిస్తాను.